రెండు కాళ్ల ఎండమావి

దర్శకుడు బార్నబీ క్రెచ్‌మర్‌ది ఒకటే పిచ్చి: ఆయన తీసే ప్రతి సినిమాలోనూ ఒక విందు ఉండాలి. కథ ఒప్పుకోకపోతే కథనే మార్చేవాడు. జైలు సినిమాలో ఖైదీలకు విందు పెట్టాడు. ఓడ మునిగే సినిమాలో పెట్టిన విందు ఎంతసేపు సాగిందంటే, చివరికి ఓడ మునగడానికి ఒక్క నిమిషమే మిగిలింది.

విందు పెడితే పెట్టాడు, ఒక టేకుతో ఊరుకునేవాడు కాదు. ఏడో ఎనిమిదో కావాలి. టేకు టేకుకీ పళ్లేలు మళ్లీ నింపాలి. పక్కన కూర్చుని, షాటుకీ షాటుకీ తేడా రాకుండా కంటిన్యుటీ రాసే విల్మా టటిల్, ప్రతి టేకు ఎందుకు పాడైందో పుస్తకంలో ఎక్కించాలి. ఏమని రాయమంటారని అడిగితే, "నమలడంలో దుఃఖం లేదని రాయమ్మా" అనేవాడు. పదకొండేళ్లలో ఆమె ఆ ముక్క కొన్ని వందలసార్లు రాసింది. ఇంట్లో తమ్ముడు రొట్టె తింటున్నా దుఃఖం ఉందో లేదో చూసే అలవాటు పట్టుకుంది.

దానికి తోడు వాసన చాదస్తం. గుంపు వేషాలు కట్టే ఎక్స్‌ట్రాలు తినెయ్యకుండా సెట్టు మీది భోజనానికి కిరసనాయిలు చల్లడం హాలీవుడ్‌లో మామూలే. క్రెచ్‌మర్ మాత్రం బల్లల వెంట వంగి వంగి ప్రతి పళ్లెం వాసన చూసి, కాస్త కిరసనాయిలు తగిలినా పారబోయించేవాడు. కెమెరాకు వాసన తెలుస్తుందా అని ఎవరైనా అంటే, నాకు తెలుస్తుందిగా అనేవాడు.

ఊళ్లో ఎవరికీ పనుల్లేని ఆ రోజుల్లో ఆయన చేతికి ఎడారి సినిమా వచ్చింది. దారి తప్పిన సైనికులు ఆకలిదప్పులతో చచ్చిపోయే కథ. అందులో విందును ఎక్కడ ఇరికిస్తాడా అని స్టూడియో అంతా పందేలు కాసింది. ఆయన ఎండమావిలో పెట్టాడు. ఎడారికి బక్కవాళ్లే కావాలంటూ, తొంభై మంది ఎక్స్‌ట్రాలను గేటు దగ్గర నిలబడి తనే ఏరుకున్నాడు.

పై అధికారి హాస్కెల్ డోర్న్‌కు ఒళ్లు మండింది. నీ చాదస్తంతో రెండు టేకులు దాటిందా, ఇదే నీ ఆఖరి సినిమా అని కబురు చేశాడు. అంతటితో ఆగక, తనే వచ్చి సెట్టు మీద కూర్చున్నాడు.

మొదటి టేకు అయింది. రెండోదీ అయింది. ఇక చాలని చెప్పడానికి క్రెచ్‌మర్ నోరు తెరిచాడు గానీ, వెనక వరుసల వైపు చూస్తూ ఆగిపోయాడు. విల్మా కూడా అటే చూసింది. ఒంటె కాపరి వేషంలో ఉన్న ముసలాయన ఒకడు కోడి కాలును తలపాగాలో దోపుకుంటున్నాడు. ఎన్ని టేకులు తీసినా తెర మీదికి వెళ్లేది ఎప్పుడూ మొదటి టేకేనని ఆమెకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ తన చేత్తోనే రాస్తూ కూడా పట్టించుకోనందుకు సిగ్గేసింది.

"ఈ టేకు పనికిరాదు సార్" అంది విల్మా, డోర్న్‌తోనే. "వెనక బల్ల మీద కోడికి ఒక కాలు లేదు. ముందు షాటులో రెండూ ఉన్నాయి."

"అది ఎండమావి కదమ్మా. ఎండమావిలో కోడికాళ్లు ఎవడు చూస్తాడు?"

"ఎండమావే సార్. కానీ రెండు కాళ్ల ఎండమావి. హాల్లో జనం నవ్వుతారు."

కంటిన్యుటీ పుస్తకంతో వాదించిన అధికారి ఇంతవరకూ పుట్టలేదు. పళ్లేలు మళ్లీ నిండాయి. ఆ తర్వాత ప్రతి టేకులోనూ ఎక్కడో ఒకచోట ఒక కాలు మాయమవుతూనే వచ్చింది. అయిదో టేకుకు డోర్న్‌కే ఆకలేసి లేచిపోయాడు.

ఏడోది అయ్యాక క్రెచ్‌మర్ ఆమె కుర్చీ దగ్గరికొచ్చి, ఏ టేకు ఉంచుదామని మెల్లగా అడిగాడు.

"మొదటిదే సార్. ఎప్పటిలాగే."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మరి ఈ ఏడోది ఎందుకు పాడైందని రాస్తావు?"

విల్మా తలపాగాలు ఎత్తుగా ఉబ్బిన ఆ తొంభై మందినీ ఒకసారి చూసి, నమలడంలో దుఃఖం లేదని రాసింది. అది అక్షరాలా నిజమని పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు తెలిసింది.