ఒకే సంచిలో రెండు నేలలు

మందిర్ హసౌద్ అనే ఊరు దాటాక మా అక్కాబావలతో కలిసి ఒక ఎకరం కొన్నాం. రోడ్డువైపు సగం మోకాలెత్తు గడ్డి, వెనక సగం రేగుపొదలు. రైల్వే సిగ్నల్ విభాగంలో రిటైరైన మా బావ కూరగాయలు వేద్దామని మట్టి పరీక్షకు బయల్దేరాడు. గడ్డిలోంచి నాలుగు దోసిళ్లు, పొదల్లోంచి నాలుగు దోసిళ్లు తీసి, ఒకే బకెట్లో కలిపి, ఒకే సంచిలో కట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండిళ్ల పప్పు ఒకే గిన్నెలో పోసి ఉప్పు చూడమంటే ఎవరైనా ఏం చెబుతారు?

రిపోర్టు వచ్చింది: మధ్యరకం నేల. ఆ మధ్యరకం నేల మా ఎకరంలో ఎక్కడా లేదు!

తవ్వి చూశాను కనుక చెబుతున్నాను. గడ్డి కింద జానెడు లోతు దాకా జుట్టులాంటి వేళ్లు. పిడికిట్లో నలిపితే మట్టి గుల్లగుల్లగా విడిపోయింది. పొదల వైపు అలా ఒక్కతీరుగా లేదు. రేగు మొదట్లో రాలిన ఆకు కుళ్లి నల్లగా, మెత్తగా ఉంది. రెండడుగులు ఇవతలికొస్తే పొదకీ పొదకీ నడుమ ఎర్రటి గట్టి నేల, గునపం ఠంగుమంది. చెంబుడు నీళ్లు పోస్తే గడ్డిలో చిటికెలో ఇంకిపోయాయి. ఆ గట్టి నేల మీద నేను టీ తాగి వచ్చేదాకా నిలిచే ఉన్నాయి.

బావ నవ్వాడు. "ఒరే, రైల్వే కాలనీలో వానపాము గూడ్సు బండి లాగిందన్నోడివి నువ్వే కదా?"

"అది ఖాళీ వ్యాగన్ బావా. ఇది మాత్రం నిజం. పైమట్టి గీకించీకు. గడ్డి వేళ్లతో సహా పోతే కింద మిగిలేది గట్టి నేలే."

"చల్ చల్! రిపోర్టులో అంతా ఒకటే నేలని రాసుంది. జేసీబీ పెట్టి సాఫ్ చేయించెస్తాను."

రెండ్రోజుల్లో జేసీబీ వచ్చింది. నేను అరుస్తూనే ఉన్నాను, అది గడ్డినీ మట్టినీ గీకి రోడ్డు పక్క గోతిలోకి తోసేసింది. తర్వాత పొదల వైపు తిరిగింది. ఇక నాకు తెలిసిన విద్యే వాడాను.

"బావా, ఈ పొదల కింద సిగ్నల్ కేబుల్ పోతంది. నిన్న నా గునపానికి తగిలింది."

బావ "రోకో! రోకో!" అంటూ బండికి అడ్డంగా పరిగెత్తాడు. కేబుల్ తెగిందన్న కబురుకు ముప్పయ్యేళ్లు భయపడి బతికిన మనిషి. "ఈ మాట ముందే చెప్పొద్దట్రా?" అని నన్నే తిట్టాడు. పట్టాలు ఎంత దూరంలో ఉన్నాయో చూడనైనా చూడలేదు!

తొలి వానకు చదును చేసిన సగంలో నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలిచాయి. "నీళ్లు దిగవేటిరా?" అన్నాడు బావ. నేను చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కెళ్లాను. గోతిలో మా మట్టి మీద మా గడ్డి పచ్చగా లేచింది. దాన్ని ఎవరివో మేకలు తీరిగ్గా మేస్తున్నాయి.