పొగమంచు మాట పూర్తయ్యేదాకా

ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. వీధి మలుపులో, మెట్లెక్కితే వచ్చే చిన్న గదిలో మైనం కరిగించి, ఊరూ పేరూ తెలియని వాళ్ళ నవ్వులకు అచ్చులు పోసేది. తమ్ముడు పెట్టిన పేరు పళ్ళక్క. అదే స్థిరపడిపోయింది.

మైనం చల్లారేలోగా ఆమె మనసు పిట్టల మీదికి పోయేది. కూత వినిపిస్తే అది ఏ పిట్టో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాని లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. ఒకరి మొహం ఒకరు ఎరగని కొందరు, దేశదేశాల నుంచి దాన్ని పెంచుతున్నారు. వాళ్ళ మాటామంతీ అంతా ఒక చాట్ గ్రూపులోనే. ఆ గ్రూపు బాగోగులు చూడటం పళ్ళక్క వంతయింది.

పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఫోన్ తెరిస్తే, తను నిద్రలో ఉండగా మాటలన్నీ ఏరులా పారిపోయి ఉండేవి. తెలియని ఊళ్ళో సందుల వెంట నడుస్తుంటే, కిటికీల్లోంచి సగం సగం మాటలు చెవిన పడ్డట్టుండేది. అదీ ఆమెకు ఇష్టమే.

అయితే కొంతకాలంగా ఒక గొంతు వినిపించడం లేదు. ‘పొగమంచు’ పేరుతో రాసే పెద్దాయనది. గుడ్లగూబల కూతలు పోల్చే భాగం ఆయన చేతి చలవే. ఆయన పత్తా లేకపోయేసరికి, చూసుకునేవాళ్ళు లేని ఆ భాగాన్ని తీసేద్దామని గ్రూపులో కబుర్ల మధ్యే తేల్చేశారు. పళ్ళక్కకు మనసొప్పలేదు. అలిగారా అని ఆయనకు విడిగా మెయిల్ రాసింది.

జవాబు చాన్నాళ్ళకు వచ్చింది.

“అలక కాదమ్మా. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడం చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేసరికి మీరంతా వేరే మాటలోకి వెళ్ళిపోతున్నారు. సగం రాసి చెరిపేస్తున్నా.”

ఆ రోజంతా ఆమె పళ్ళు చెక్కుతూనే ఉంది గానీ, ధ్యాసంతా ఆ చెరిగిపోయిన మాటల మీదే. అవన్నీ ఎక్కడో ఒక తెల్లటి మైదానంలో వాలి, ఎవరైనా పిలిస్తే లేద్దామని చూస్తున్నట్టు అనిపించింది.

పెద్దాయన ఇబ్బంది గ్రూపులో చెప్పి, ఇకమీదట ప్రశ్నలూ నిర్ణయాలూ ఒక ఫోరమ్‌లో పెడదామంది. ఏ విషయం మాటలు ఆ విషయం కిందే ఉంటాయి, ఎప్పుడు వచ్చినా దొరుకుతాయి, మెయిల్‌లోనూ చదువుకోవచ్చు. గ్రూపులో వసపిట్ట అని పేరుపడ్డ నర్సు ఒప్పుకోలేదు.

“అక్కా, ఇక్కడైతే ఇంట్లో ఉన్నట్టుంటుంది. డ్యూటీ దిగి వచ్చాక నాకు మాట్లాడటానికి మీరే ఉన్నారు.”

ఆ మాట పళ్ళక్కకు సూటిగా తగిలింది. వెంటనే బదులు రాసింది.

“చాట్ ఎక్కడికీ పోదు తల్లీ. కబుర్లు ఇక్కడే చెప్పుకుందాం. ఏదైనా తేల్చాలంటే మాత్రం అక్కడే తేల్చుకుందాం. పొగమంచు గారు మాట పూర్తి చేసేదాకా ఆగుదాం.”

ఇద్దరు ముగ్గురు విసుక్కుని వెళ్ళిపోయారు. ఫోరమ్ చాలాకాలం బోసినోరులా ఉండిపోయింది. పళ్ళు కట్టడం నీ పనేగా అని భర్త వేళాకోళమాడాడు.

ఒక మధ్యాహ్నం ఫోరమ్‌లో పొగమంచు రాసినది వచ్చింది. ఆడ గుడ్లగూబ పిలుపునూ, మగదాని బదులునూ సాఫ్ట్‌వేర్ ఒకే పిట్ట కూతగా పొరబడుతోందట. రెండింటి నడుమ ఉండే మౌనాన్ని కొలిస్తే తేడా పట్టుకోవచ్చట. దాని కింద వసపిట్ట ఒక్క ప్రశ్న అడిగి, జవాబుకు తొందరేం లేదని రాసింది. ఆ భాగం తీసేయాలన్న ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పళ్ళక్క మళ్ళీ మొదటి నుంచి చదువుతూ ఉండిపోయింది. ఈలోగా మైనం గడ్డకట్టింది. మైనం కరిగించే స్పిరిట్ దీపం వెలిగించి, తీరిగ్గా కరగబెట్టుకుంది.