గంగన్న అడిగిన ప్రశ్న

1994లో నేను ఆర్మూర్ ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సును. పసుపు ఉడకబెట్టే రోజుల్లో చేతులు కాల్చుకున్నవాళ్లు తరచూ వచ్చేవారు. కమ్మర్‌పల్లి దగ్గరి పల్లె నుంచి రాజవ్వ కూడా అలాగే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కట్టు కట్టడానికి చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోయింది.

"చంకల జర నొప్పున్నది సిస్టరమ్మా" అంది.

తెర లాగి చూశాను. ఎడమ రొమ్ములో గట్టి గడ్డ తగిలింది.

"ఎప్పటిసంది ఉన్నది రాజవ్వా?"

"పోయిన వానాకాలం సంది. మొగ డాక్టరుకు ఎట్ల జూపాలె?"

మా డాక్టరుగారు నిజామాబాద్ పంపారు. అక్కడ బయాప్సీ చేశారు. అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో రొమ్ము తీసేశాక, కట్టు మార్పించుకోవడానికి మళ్లీ నా దగ్గరికే వచ్చేది.

ఆమె భర్త గంగన్న మందు కొట్టే కూలి. ఊళ్లో ఎవరి పసుపుకైనా, మక్కజొన్నకైనా పురుగుమందు అతనే కొట్టేవాడు. మందు పడ్డ అతని బట్టలు రాజవ్వ ఉత్త చేతులతో పిండేది. ఒకరోజు అతను నన్ను వరండాలో ఆపాడు.

"నా బట్టలకెళ్లే అంటిందా గీ రోగం? నిజం చెప్పు సిస్టరమ్మా."

అతని ముఖం చూస్తే కాదని చెప్పాలనిపించింది. కానీ నాకు తెలియదు. డాక్టరుగారిని అడిగాను. కొన్ని పురుగుమందుల మీద అనుమానం ఉందని, ఫలానా మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని మాత్రం ఎవరూ తేల్చలేరని అన్నారు. అదే గంగన్నకు చెప్పాను.

"అయితే కాదని గూడ చెప్పలేవు" అన్నాడు.

"చెప్పలేను గంగన్నా."

ఆనాటి నుంచి అతనికి తిండి సహించలేదు. కట్టు మారుస్తుండగా రాజవ్వ అతని ముందే ఆ సంగతి ఎత్తింది. "మనం బతుకుదామనే కదా మందు కొట్టినవు. నువ్వు తినకపోతే నాకు బువ్వ ఎట్ల దిగుతది?"

గంగన్న దగ్గరికి జరిగాడు. "ఎట్ల తుడవాలె, నాకు జూపు" అన్నాడు నాతో. సబ్బుతో చేతులు కడిగించి నేర్పాను. అప్పటిదాకా గాయం చూడలేక మొహం తిప్పుకునే రాజవ్వ, ఆ రోజు అతని చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

నేను అడగగా వ్యవసాయ అధికారి ఒకరు వాళ్ల ఊరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. పురుగుమందు డబ్బా మీది రంగుల గుర్తులో ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషమని, డబ్బాతో పాటు తెలుగులో జాగ్రత్తల కాగితం ఇవ్వాలని చట్టం ఉందని ఆ అధికారి కూలీలకు చెప్పారు.

"గా కాగితం మాకెవ్వలూ ఇయ్యలే" అన్నాడు గంగన్న.

ఆ తర్వాత కాగితం ఇవ్వనిదే దుకాణం నుంచి కదిలేవాడు కాదట. మందు కొట్టడం మానలేదు, మానితే పూట గడవదు. కానీ చేను దగ్గరే బట్టలు మార్చుకుని, వాటిని తానే విడిగా ఉతుక్కునేవాడు. మిగతా కూలీలతోనూ అదే చేయించాడు. వాళ్లు చల్లిన పురుగుమందు పొడుల్లో ఒకదాన్ని కొన్నేళ్లకు ప్రభుత్వం నిషేధించింది.

కారణం తేలేదాకా జాగ్రత్త ఆగకూడదని ఆ ఇద్దరి వల్ల తెలుసుకున్నాను. ఆనాటి నుంచి ఏ నొప్పితో వచ్చిన ఆడమనిషినైనా, మందు బట్టలు ఎవరు ఉతుకుతారని, రొమ్ములో గడ్డేమైనా తగులుతోందా అని అడగడం అలవాటు చేసుకున్నాను.

మరుసటి ఏడు రాజవ్వ చెకప్‌కు వచ్చినప్పుడు వెంట పక్కింటామె ఉంది, కొంగు నిండుగా కప్పుకుని.

"సిగ్గుపడుతున్నది సిస్టరమ్మా, జర నువ్వు చూడు" అంది రాజవ్వ. ఆమె వైపు తిరిగి, "నేను నీ పక్కనే ఉంటగా" అంటూ చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్లింది.