గడ్డ ఊరని లీకులు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో మదనపల్లెలో పని దొరకడం కష్టం, దొరికాక 'నాకు తెలియదు' అని ఒప్పుకోవడం ఇంకా కష్టం. నా ఇరవయ్యో ఏట ఒక దొరసాని తన బంగళా తోట చూడమని నన్ను పెట్టుకుంది. ఇంగ్లండు సీమ నుంచి విత్తనాలు రావడం ఆగిపోయింది. ఆవిడ దగ్గర మిగిలింది ఒక్క పొట్లం లీకు అనే సీమకూర విత్తనాలే. అవి పండితే పని ఖాయమంది. మొలిచిన నారు అచ్చం ఉల్లినారే. (మా వైపు ఎర్రగడ్డలంటాం. వాటి సంగతి నాకు పుట్టుకతో తెలుసని అప్పటికే కోతలు కోసి ఉన్నాను.) నాటే రోజు జానెడు లోతు గుంటలు పొడిపించి, గుంటకో మొక్క జారవిడిపించి, మన్ను కప్పకుండా నీళ్లు మాత్రం పోయమంది. మర్నాడే జబ్బుపడిన స్నేహితురాలికి తోడుగా కుప్పం వెళ్లిపోయింది.

రెండు నెలలకు ఆకులు ఏపుగా సాగాయి గాని, వేలితో తవ్వి చూస్తే అడుగున గడ్డ లేదు. పుంగనూరులో ఉల్లి పండించే మా మేనమామను బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన మడి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఎర్రగడ్డా కాదు, తెల్లగడ్డా కాదు. యాడ పట్టినారప్పా దీన్ని? గడ్డ ఊరే మాదిరి లేదు. ఏం జేసుకుంటావో సూడు," అని బస్సెక్కాడు.

అదే వారం, నెలలో వస్తున్నానని దొరసాని జాబు రాసింది. సంతలో చిన్న ఎర్రగడ్డలు కొని, మొదటి సాలులో మొక్కకొకటి చొప్పున వేళ్ల దగ్గర పాతాను. (ఇప్పటికీ సిగ్గే.) గుట్టు బయటపడకుండా మడంతా మన్ను మొక్కల మెడదాకా ఎగదోశాను. భయం వేసినప్పుడల్లా ఇంకాస్త ఎగదోశాను.

ఆవిడ వస్తూనే తోటలోకి నడిచి ఒక మొక్క పెకలించింది. తెల్లటి కాండం నిగనిగలాడుతూ మూరెడు పైకి వచ్చింది. దాని వెంటే మొలకెత్తిన ఎర్రగడ్డ కూడా వచ్చింది.

"ఈ ఉల్లిపాయ ఇచ్చట ఏమి చేయుచున్నది?" అంది, పుస్తకాల్లో నేర్చిన తెలుగులో.

అబద్ధం కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. "గడ్డ ఊరలేదమ్మా. పని పోతాదని నేనే పెట్టినా," అన్నాను.

ఆవిడ మట్టిలోనే కూలబడి, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. లీకుకు గడ్డే ఉండదట. తినేది ఆ తెల్ల కాండమే. అది తెల్లబడాలంటే మన్ను ఎగదోస్తూ ఉండాలట. ఆ మాట చెప్పడం మరిచిపోయి వెళ్లానని జాబులో ఒప్పుకోలేక కుప్పంలో ఆవిడా బెంగపడుతూనే ఉందట. మన్ను ఎగదోయమని మీకెవరు చెప్పారని అడిగింది. భయం చెప్పిందన్నాను. పని ఖాయమైంది.

ఆ సాయంత్రం లీకు సూపు గిన్నెతో వంటింటి మెట్ల మీద కూర్చున్నాను. రుచి గుర్తులేదు, గుండె తేలికపడటం మాత్రం గుర్తుంది. ఆ మెట్ల మీది కుర్రాణ్ణి తలుచుకుంటే, ఒక కార్డు ముక్క రాసి అడిగుంటే సరిపోయేది కదరా పిచ్చోడా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు లెండి. రెండో గిన్నె తాగుతున్నాడు.