కుడిచెయ్యి కూడా చూడమన్న నర్సమ్మ

నా చిన్నప్పుడు, మా నాయన మగ్గం గుంతలోనే పక్కకు ఒరిగిపోయాడన్న మాట నాకు మొదట చెప్పింది పక్కింటి అక్క. ధర్మవరంలో మా వీధంతా పట్టుచీరలు నేసేవాళ్లమే. నేను ఆమె అరుగు మీద కూర్చుని కండెలకు దారం చుడుతున్నాను. నాకప్పుడు పదేళ్లు. బడి మొహం చూడలేదు. అక్షరాలూ, పొద్దున చెప్పుకునే దేవుడి పద్యాలూ నాయనే మగ్గం నేస్తూ నేర్పాడు. నేను పరిగెత్తి వెళ్లేసరికి ఆయన మూతి ఒక పక్కకు పోయి ఉంది. నన్ను పిలవబోయి పేరు పలకలేకపోయాడు.

కొంతసేపటికి మాట తిరిగి వచ్చింది, దేవుడి దయ. కానీ అది ఉన్నట్టుండి వచ్చిన జబ్బు కాదు. నెలల తరబడి తలనొప్పి అంటూనే ఉన్నాడు. రెండుసార్లు డాక్టరు దగ్గరికి పోతే, బీపీ సరిగానే ఉంది, నీరసమే, మజ్జిగలో ఉప్పు దండిగా వేసుకుని తాగమన్నాడు. మూడు పూటలా ఆ ఉప్పుమజ్జిగ కలిపి ఇచ్చింది నేనే. 

ఆ రెండుసార్లూ నాయన చాపింది ఎడమ చెయ్యే. మగ్గమాడించే కుడిచేతికి కట్టు కట్టకూడదని మా ఇంట్లో ఒక పట్టింపు. దారం కోసుకుపోయి రక్తం కారినా పసుపు అద్దేవాళ్లే గాని గుడ్డ చుట్టేవాళ్లు కాదు.

పక్కింటి అక్క అప్పుడు నెలలు నిండి ఉంది. ఆమెను చూడడానికి వచ్చిన సర్కారు నర్సమ్మ, సంగతి తెలిసి తన పెట్టెతో మా ఇంటికే వచ్చింది. ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టి చూస్తే నూట ముప్పై. ఆమె మొహం తేటపడలేదు. రెండో చెయ్యి ఇమ్మంది.

"ఆ చెయ్యి వద్దు తల్లీ, మగ్గమాడే చెయ్యి" అని మా అవ్వ అడ్డం వచ్చింది.

"కొలిచి తీసేస్తానవ్వా. నీకు కొడుకు చెయ్యి కావల్లా, కొడుకు కావల్లా?"

అవ్వ పక్కకు జరిగింది. కుడిచేతికి నూట ఎనభై. ఆమె కాసేపు ఆగి రెండు చేతులకూ మళ్లీ చూసింది. అంతే వచ్చింది. జట్కా పిలిపించి, మమ్మల్ని తనే ఆస్పత్రికి తీసుకుపోయింది.

అదే డాక్టరు మళ్లీ ఎడమ చెయ్యే చూశాడు. నర్సమ్మ రెండు చేతుల తేడా చెప్పబోతే, వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా, "ఏమమ్మా, ఈయప్పకు రెండు గుండెకాయలుండాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా గుండె మండిపోయింది దానికి కాదు. ఆ వంకరమూతితో మా నాయన కూడా నవ్వాడు, డాక్టరుకు కోపం రాకూడదని.

"గుండె ఒగటే సార్. చేతులే రెండు" అని ఆమె నాయన కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టింది.

డాక్టరు చూశాడు. మళ్లీ చూశాడు. ఎడమ చేతికి పోయే రక్తనాళం సన్నబడి ఉంటుందని, అందుకే అటు తక్కువ చూపిస్తోందని గోడతో చెప్పినట్టు చెప్పి మందులు రాశాడు. పొరపాటైందన్న మాట లేదు.

నాయన ఆ తరవాత ఇరవై రెండేళ్లు బతికాడు, నా పెళ్లీ చేశాడు. డాక్టరుది మంచి హస్తవాసి అని వీధి వీధంతా పొగిడింది. అవ్వ పళ్లూ పూలూ తట్టలో పెట్టుకుని వెళ్లి డాక్టరుకే ఇచ్చి వచ్చింది. నెల తిరక్కుండా నర్సమ్మను మడకశిరకు మార్చారు. నలుగురిలో ఎదురు మాట్లాడినందుకే అన్నారు. మాలో ఒక్కరూ నోరెత్తలేదు. డాక్టరు మీద నా కోపం ఒక వంతయితే, మా వాళ్ల మీద రెండు వంతులు. రోజూ దీపం పెట్టి నాయనకు బతుకిచ్చినందుకు స్వామికి మొక్కుకుంటాను. ఈ కోపం తీసెయ్యమని మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

ఈ మధ్య హిందూపురంలో బీపీ చూపించుకోవడానికి పోతే, ఒక చేతికి చూసి "చాల్లే అవ్వా" అంది అక్కడి అమ్మాయి. రెండోది చూస్తేనే లేస్తానని కుర్చీలోనే కూర్చున్నాను. కొద్దిపాటి తేడా ఉంటే ఉండనీ. ఎక్కువ తేడా ఉంటే ఎందుకని అడగండి, నవ్వినా అడగండి.

ఆ నర్సమ్మ పేరు కూడా మేము అడగలేదు. మీకు ఏ దేవుడంటే ఆ దేవుడి ముందు, పేరు లేకుండానే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.