తాళం వేసిన నీడ

వీరదుర్గ ఆ పార్కులోకి రోజూ వెళ్తుంది. పొద్దుటే వెనక గేటులోంచి వెళ్లి, తను పనిచేసే నాలుగిళ్ల తడిచెత్త ఎరువు గుంటలో బోర్లించి, అదే గేటులోంచి వచ్చేస్తుంది. ఆరేళ్లుగా ఇదే వరస. ఒకసారి మాత్రం, నడుం పట్టేసిందని, కానుగ చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూలబడింది. వాకింగుకొచ్చిన ఒకావిడ ఆగి, నవ్వుతూనే అంది: "ఏంటి దుర్గా, చెత్త బకెట్టు పక్కన పెట్టుకుని ఇక్కడ కూచుంటే ఎలాగమ్మా? పొద్దున్నే మంచి గాలి కోసం వస్తాం కదా!"

"అవునండి" అంటూ దుర్గ లేచింది. ఆ బకెట్టులో ఉన్నది ఆవిడింటి చెత్తే. ఆ మాట నోటిదాకా వచ్చింది. బకెట్టు ఎత్తుకుని నడిచింది.

రాజమండ్రిలో ఆ పేట ఎంత ఇరుకంటే, ఎదురింటి పోపుకి ఈ ఇంట్లోవాళ్లు తుమ్ముతారు. అలాంటి చోట అరెకరం పచ్చదనం. ఒకప్పుడది పందులు దొర్లిన మురుగు గుంట. స్థలం కార్పొరేషన్‌ది. కాలనీవాళ్లు కమిటీ కట్టుకుని, కిందామీదా పడి దాన్ని పార్కు చేశారు. వాననీరు ఇంకే గుంటలు తవ్వించారు, సోలార్ దీపాలు పెట్టించారు. ప్లాస్టిక్ కవరు పట్టుకొస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. కానుగ, వేప, పొగడ, నేరేడు బాగా ఎదిగాయి. మంచి పనే, కాదనలేం. వీధి మొత్తానికి కాస్త చల్లగాలి అక్కణ్ణుంచే.

గేటు మీద బోర్డుంది. ఉదయం అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది. మధ్యలో తాళం.

ఆ రెండు వేళలూ దుర్గకి అంట్లు తోమే వేళలు. పొద్దుటి పనులు తెమిలేసరికి పన్నెండవుతుంది, మళ్లీ మూడున్నరకి మొదలు. ఇల్లు ధవళేశ్వరం వైపు. రెండు ఆటోలు మారి వెళ్లి రావడం అయ్యే పని కాదు. అందుకని తను పనిచేసే అపార్టుమెంటు మెట్ల మీదే క్యారేజీ విప్పుతుంది. పక్క ఫ్లాట్లలో పనిచేసే బుల్లెమ్మ తోడు. ఎవరైనా దిగితే ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని దారివ్వాలి. కన్ను మూతపడేలోగా మళ్లీ ఎవరో దిగుతారు.

పెళ్లికి ముందు దుర్గ కడియపులంకలో ఒక నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపేది. ఆ పని తలుచుకోదు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటుంది. అన్నాలు తినేసి ఆడవాళ్లంతా సపోటా చెట్ల కింద గోనెలు పరుచుకుని ఒరిగేవారు. తడిమట్టి వాసన. ఆకుల్లోంచి మొహం మీద చుక్కలు చుక్కలుగా ఎండ. ఎవరో ఎవరి మొగుణ్ణో వెక్కిరిస్తుంటే, ఆ నవ్వుల మధ్యే నిద్ర ముంచుకొచ్చేది. మేస్త్రీ కూడా ఆ కాసేపూ గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

ఇప్పుడు మెట్ల పక్క కిటికీలోంచి చూస్తే పార్కులోని కానుగ కనిపిస్తుంది. దాని కింద నల్లగా, ఒత్తుగా నీడ. ఆ నీడలో ఉడతలు తప్ప ఎవరూ ఉండరు. మూడు దాటితేగానీ ఆ నీడ గోడ దాటి వీధిలోకి రాదు. వచ్చేసరికి తను పనిలోకి పోవాలి.

"అలా చూడకే, చెట్టుకి దిష్టి తగులుద్ది" అంటుంది బుల్లెమ్మ.

"తగలనీ. ఒక్క కొమ్మన్నా ఇటు పడుద్దేమో!"

మొన్న రోహిణి కార్తెలో పర్యావరణ దినోత్సవమని పార్కులో సభ పెట్టారు. కమిటీ పెద్ద భాస్కరంగారు రిటైరైన లెక్చరరు, మర్యాదస్తుడు. పనివాళ్లని కూడా మీరు అనే మనిషి. దుర్గని పైకి పిలిచి, "మన మొక్కలు తినేది ఈవిడ మోసుకొచ్చిన ఎరువేనండి" అని శాలువా కప్పారు. ఆ ఉక్కలో శాలువా కింద దుర్గ తడిసి ముద్దయింది.

"మొహమాటపడకండి దుర్గగారూ, మీకేం కావాలో చెప్పండి" అంటూ మైకు ఆమె ముందు పెట్టారు.

దుర్గ చెప్పేసింది. "మజ్జానం పూట కూడా తాళం తీయించండి బాబుగారూ. పనులకొచ్చినోళ్లం కాసేపు నడుం వాల్చుకుంటాం."

భాస్కరంగారు నవ్వేశారు. "భలేవారండీ! మరి చెట్లకీ కాస్త విశ్రాంతి ఉండాలి కదండీ!"

చప్పట్లు మోగాయి. వెనకనుంచి బుల్లెమ్మ గొంతు లేచింది: "చెట్టేవన్నా నాలుగిళ్ల అంట్లు తోమొచ్చిందాండీ, అలిసిపోడానికి!"

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే అడిగిన మాట కొట్టుకుపోయింది.

తర్వాత కమిటీలో ఆ సంగతి పెట్టారట. మధ్యాహ్నం తెరిస్తే పేకాటరాయుళ్లొస్తారు, జంటలొస్తాయి, "ఒకళ్లకి తీస్తే అందరూ వస్తారండి" అన్నారట. రానివ్వండి! అందరి స్థలంలోకి అందరూ కాక ఇంకెవరొస్తారు? ఎండలో మాడే ఆటో డ్రైవరుకి, ఇంటి మనిషిని ఆస్పత్రిలో చేర్చి రోడ్డున పడ్డ పల్లెటూరి రైతుకి నీడ అక్కర్లేదా? చెట్టుని కాపాడి, చెట్టు కిందికి మనిషిని రానివ్వకపోతే అదేం పర్యావరణం?

పార్కు వాచ్‌మన్ అప్పాజీకి మనసాగలేదు. ఓ మధ్యాహ్నం మెట్ల దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు. "వెనక గేటు ఊరికే దగ్గరికేసి వచ్చాను, తాళం వెయ్యలేదు. ఎల్లి కాసేపు పడుకోండి. నేను చూళ్లేదు, అంతే."

బుల్లెమ్మ అప్పుడే లేచి నిలబడింది. దుర్గ కిటికీలోంచి కానుగకేసి చూసింది.

"వద్దు బాబాయ్. ఎవరన్నా చూస్తే నీ ఉద్యోగం పోద్ది. అయినా, ఓ చెవి గేటుకేసి పెట్టుకుని పడుకుంటే అది నిద్రవుద్దేంటి?"

"నువ్వూ నీ రోషం! చేతికొచ్చింది కాలదన్నుకుంటావ్" అని బుల్లెమ్మ కసిరింది.

"రోషం కాదే. నాకూ ఎల్లాలనే ఉంది. గేటు తీసి, రమ్మంటే ఎల్లాలనుంది."

అప్పాజీ తల దించుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి తాళం పడిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

మీ పేటలోనూ ఒక పార్కు ఉండే ఉంటుంది. రేపు మధ్యాహ్నం, మంచి ఎండవేళ, ఆ గేటు దాకా వెళ్లి చూడండి. తాళం ఉంటే సాయంత్రం వాకింగులో ఆ మాట ఎత్తండి. కమిటీ మీటింగులో లేచి అడగండి. పదిమందీ సంతకాలు పెట్టి కార్పొరేషన్‌కి అర్జీ ఇవ్వండి. పేకాట భయముంటే ఇంకో వాచ్‌మన్‌ని పెట్టమనండి, తాళం వద్దనండి. మీ ఇంట్లో పనిచేసే మనిషి మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటోందో ఇవాళే కనుక్కోండి. దుర్గ అడిగితే నవ్వేశారు. మీరడిగితే జవాబు చెప్పక తప్పదు.