చిన్నపొన్ను పాట ఆగిన చోటు

గుడియాత్తంలో ఏసుదాస్ పేరు ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ, అప్పాసామి బ్యాండ్ సెట్లో క్లారినెట్ వాయించే పొడుగాటి మనిషిని చూడనివాళ్ళు లేరు. పెళ్ళి ఊరేగింపయినా, శవం వెంట నడకయినా, పార్టీ మీటింగయినా ముందు వరసలో అతనే. ఎర్రకోటు ఎవరి కొలతలకో కుట్టింది, చేతులు మణికట్టు దాకా వచ్చేవి కావు. వాయించేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. నడుస్తూ కళ్ళు మూసుకుంటే ఎట్లా అని అప్పాసామి విసుక్కునేవాడు, కానీ ఏసుదాస్ ఎన్నడూ గుంతలో అడుగు వేసింది లేదు.

తండ్రి తోళ్ళ షెడ్డులో పనిచేస్తూ ఛాతీ రోగంతో పోయాడు. తల్లి అంతకుముందే పోయింది. అప్పటికి పాలపళ్ళు కూడా ఊడని చెల్లెలు చిన్నపొన్నును ఏసుదాసే పెంచాడు. వేలూరులో పోలీసు బ్యాండు నుంచి రిటైరైన ముసలాయన దగ్గర వాయిద్యం నేర్చుకోవడానికి పోయినప్పుడల్లా దాన్ని చంకనేసుకుని పోయేవాడు. ముసలాయన స్వరాలు చెబుతుంటే ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని వినేది. పెద్దదయ్యాక అంట్లు తోముతూ ఏదో రాగం తీసేది. మాటలుండవు, ఊరికే కూనిరాగం. మధ్యలో ఒకచోట గొంతు చిన్నగా మెలి తిప్పి పైకి తీసుకుపోయేది. ఆ మెలిక ఎవరూ నేర్పింది కాదు.

ఏసుదాస్ ఆరోకియమేరిని పెళ్ళి చేసుకున్నాక కూడా వదినామరదళ్ళకు ఒక్కనాడు మాటా మాటా రాలేదు. చిన్నపొన్ను గుణశేఖరం ముదలాళికి చెందిన తీపెట్టి, అంటే అగ్గిపెట్టెల, కంపెనీలో పనికి కుదిరింది. అగ్గిపుల్లలను చట్రాల్లో వరసగా అమర్చే పని. ఆ షెడ్డులో అందరూ ఆడపిల్లలే. పని వేళల్లో బయటికి పోయి కబుర్లు చెప్పుకుంటారని తలుపుకు బయట నుంచి బీగం వేసేవాళ్ళు.

తమిళ రాష్ట్రమంతా హిందీ వద్దన్న గొడవలు చల్లారీ చల్లారని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ షెడ్డులో ఆరబెట్టిన మందుపుల్లలు అంటుకున్నాయి. ఏసుదాస్ అప్పుడు నాట్రంపల్లిలో ఒక పెళ్ళిలో వాయిస్తున్నాడు. కబురు రాగానే కోటు కూడా విప్పకుండా బస్సెక్కాడు. కంపెనీ గేటు దగ్గర జనాన్ని తోస్తున్న కానిస్టేబులు అతన్ని ఎగాదిగా చూసి అరిచాడు.

"బ్యాండోళ్ళకు ఈడేం పని? యెవుడు పిలిచినాడు నిన్ను? పో అవతలకి!"

ఏసుదాస్ ఏదో చెప్పబోయాడు. చేతిలోని క్లారినెట్ పెట్టెను గుండెకు అదుముకుని అక్కడే నిలబడిపోయాడు. లోపల్నుంచి తెచ్చినవాళ్ళను వరసగా పడుకోబెట్టి గోనెపట్టాలు కప్పారు. ఆరోకియమేరి కాలిపట్టీని బట్టి మరదల్ని గుర్తుపట్టింది.

మర్నాడు సమాధుల తోట దాకా ఏసుదాసే వాయించాడు. వద్దన్నా వినలేదు. ఏ పాటో అతను ముందుగా అనుకోలేదు. చెల్లెలి కూనిరాగం క్లారినెట్లోకి వచ్చింది. ఆ మెలిక దగ్గర వెంట నడిచే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గుంత దగ్గరికి వచ్చేసరికి పాట 'ని' మీదికి ఎక్కింది. అక్కడి నుంచి ఒక్క మెట్టు ఎక్కితే 'స'. ఏ పాటైనా వచ్చి కుదురుకునే చోటు అది. అందరి చెవులూ దానికోసమే ఎదురుచూస్తున్నాయి. ఏసుదాస్ 'ని' మీదే ఆపేసి క్లారినెట్ దించాడు.

ఎవరూ కదల్లేదు. ఫాదర్ మంత్రజలం చేతిలో పట్టుకుని అట్లే నిలబడ్డాడు. పాట ఇంకా ఉందేమోనని గుంత తవ్వినవాళ్ళు కూడా పారలు ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక ఆరోకియమేరి మెల్లిగా అడిగింది. "ఏమయ్యా, అట్ల సగంలో నిలిపేస్తివే?"

"పొద్దున పనికి పోయిన బిడ్డ ఇంటికి రాలే. పాట మాత్రం యెట్ల వస్తాది మేరీ?"

ఆ జనంలో తిరువేంగడం ఉన్నాడు. సైకిల్ షాపు పెట్టుకుని టౌన్లో పార్టీ పనులు చూసే మనిషి. ఇంట్లో తెలుగు, వేదిక మీద ఉరిమే తమిళం. కొన్నాళ్ళు పోయాక ఏసుదాస్ ఇంటికి వచ్చి గడప మీదే కూర్చున్నాడు.

"తంబీ, ఆ పొద్దు నువ్వు వాయించింది నా చెవిలోంచి పోలేదప్పా. ఎలక్షన్ వస్తా ఉండాది. వేలూరు కోట మైదానంలో మానాడు, పెద్ద సభ, పెడతా ఉండాం. ఆ పాట ఆడ వాయించల్ల. మాటలు రాసేదానికి కవిజ్ఞర్ ఉండాడు."

ఏసుదాస్ తల ఊపాడు.

"ఒక్కటి మాత్రం మార్చల్ల. ఆ కడాన నిలిపినావే, అది సరి రాదు. జనాన్ని ఏడిపించి ఇండ్లకు పంపితే యెవుడికి తెగువ వస్తాది? కడాకు వచ్చేసరికి డోలు దెబ్బ పడల్ల, జెండా లేవల్ల."

"అది నా చెల్లెలి పాటన్నా."

"అందుకే చెప్తా ఉండా. మనం గెలిచినామంటే ఆ తలుపుకు బీగం వేయించినవాణ్ణి కోర్టుకు ఈడ్చేది నా పని. నీ చెల్లెలి మీద ఆన పెట్టి చెప్తా ఉండా."

తిరువేంగడం మోసగాడేమీ కాదు. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి.

ఏసుదాస్‌కు ఆ తరువాత వాయిద్యం పెట్టె తెరవబుద్ధి కాలేదు. తెరిస్తే పాట 'ని' దాకా పోయి ఆగుతుంది. 'స' మీద కుదురుకోనిచ్చి చూశాడు. చెల్లెలు హాయిగా నిద్రపోయిందని అబద్ధం చెబుతున్నట్టు ఉంది. తిరువేంగడం చెప్పినట్టు కవాతు దెబ్బతో చూశాడు. చెల్లెలి సమాధి మీద ఎవరో అడుగులు వేసుకుంటూ పోతున్నట్టు ఉంది. ఏం చేయాలని చివరికి భార్యనే అడిగాడు.

"నాకు పాట సంగతి తెలీదు. ఆ బిడ్డ బీగం వెనకాల నిలబడి తలుపు కొట్టింటాది. అది మాత్రం నాకు దినమూ వినపడతా ఉండాది. యెట్ల ముగిస్తే దానికి న్యాయం దొరుకుతాదో అట్ల ముగించు" అంది ఆరోకియమేరి.

ఏసుదాస్ కవాతు ముగింపు కట్టాడు. మనసు పెట్టే కట్టాడు. 'ని' మీద ఒక్క క్షణం పాట నిలిచి, వెంటనే డోలు పడి, ట్రంపెట్ అందుకుని, అందరూ కలిసి 'స' మీదికి దూకేటట్టు. కోట మైదానంలో ఆ దూకుడు దగ్గర జనమంతా లేచి నిలబడ్డారు. ఆర్కాడు నుంచీ తిరుపత్తూరు నుంచీ లారీల్లో వచ్చినవాళ్ళు తువ్వాళ్ళు గాల్లో తిప్పారు. బయట బీగం వేసిన తలుపును పగలగొడతామని పాటలోని మాటలు. ఏసుదాస్ కళ్ళు మూసుకుని, చెల్లెలు నిజంగానే ఆ తలుపు దాటి వచ్చినట్టు వాయించాడు. బతుకులో అతనికి నమ్మకం కలిగిన రోజు అదొక్కటే.

పార్టీ గెలిచింది. ఊరంతా ఆ పాటే. టీ కొట్లలో, పెళ్ళిళ్ళలో, పిల్లలు బడికి పోతూ కూడా ఆ చివరి దెబ్బనే నోటితో కొట్టుకుంటూ పోయేవాళ్ళు. విచారణ జరిగింది. తలుపు తెరిచే ఉందని, ఆడపిల్లలే కంగారులో లోపలికి తోసుకున్నారని కాపలావాడు చెప్పాడు. ఏసుదాస్ సైకిల్ షాపుకు పోతే తిరువేంగడం భుజం మీద చెయ్యి వేశాడు.

"కొంచెం ఓర్చుకోప్పా. ఇప్పుడేగా వచ్చినాం."

తరువాత పోయినప్పుడు షాపులో లేడు. ఆ తరువాత షాపే లేదు. టౌన్లో పార్టీకి మేడ మీద ఆఫీసు వచ్చింది. ఇంకొన్నాళ్ళకు గుణశేఖరం ముదలాళి పార్టీలో చేరి, తమిళ తల్లి గురించి వేదికల మీద మాట్లాడటం మొదలుపెట్టాడు.

కాలిన షెడ్డు చోట కొత్త షెడ్డు లేచింది. ప్రారంభోత్సవానికి అప్పాసామి సెట్టును పిలిచారు. జెండా ఎగరేసేటప్పుడు ఆ పాటే వాయించాలన్నారు.

"నేను రాలేనన్నా" అన్నాడు ఏసుదాస్.

"నువ్వు లేకుంటే ఆ పాట యెవురు ఎత్తేది? నాకు తెలుసప్పా నీ కడుపుమంట. అయినా సెట్లో ఇంతమంది పొయ్యిలు వెలగల్ల గదా" అన్నాడు అప్పాసామి.

వెళ్ళాడు. వెళ్తూ ఒకటి మనసులో పెట్టుకున్నాడు. 'ని' మీద ఆపేస్తాడు. ఆ రోజు గుంత దగ్గర జనం నిలబడిపోయినట్టు ఈ రోజు ముదలాళి, తిరువేంగడం, అందరూ నిలబడిపోవాలి. ఆ నిశ్శబ్దంలో వాళ్ళకు తలుపు చప్పుడు వినపడాలి.

కొత్త షెడ్డు తలుపుకు కొత్త రంగు వేశారు. గడియ బయటి వైపే ఉంది. ఏసుదాస్ దానివైపే చూస్తూ పాట ఎత్తాడు. మెలిక దాటింది. పాట 'ని' మీదికి ఎక్కింది. ఊపిరి బిగబట్టి, క్లారినెట్ నోటి నుంచి తీసేశాడు.

డోలు పడింది. ట్రంపెట్ అందుకుంది. వెనక వరస అంతా ఎప్పటిలాగే 'స' మీదికి దూకింది. జెండా పైకి లేచింది, పూలు రాలాయి, చప్పట్లు మోగాయి. అతను ఆపాడని ఒక్కరికీ తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అప్పాసామి అతని వీపు నిమిరాడు. "కడాన ఊపిరి ఆడలేదా తంబీ? ఏం ఫర్వాలేదు. మేము యెత్తుకున్నాం గదా. బయటికి తెలియనే లేదు."



ఆ ఏడు కల్లరై పండుగకు, అంటే పోయినవాళ్ళ సమాధులు కడిగి పూలూ కొవ్వొత్తులూ పెట్టే రోజుకు, అతను క్లారినెట్ తీసుకుపోయాడు. చెల్లెలి సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాటను ఆమెకే వినిపించాడు. 'ని' మీద ఆపాడు. పక్క సమాధికి సున్నం కొడుతున్న మనిషి, చేతిలో కుంచె అట్లే పట్టుకుని, మిగిలిన కవాతు ముక్కను ఈలతో పూర్తి చేశాడు. ఏసుదాస్ వైపు చూసి స్నేహంగా నవ్వాడు.

"మంచి పాట సార్. మా ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలుసు."

ఆ తరువాత ఏసుదాస్ వాయిద్యాన్ని పగలగొట్టలేదు, సెట్టు మానలేదు. అడిగినచోటల్లా ఆ పాటను కవాతుతోనే ముగించాడు. కళ్ళు తెరిచి వాయించడం మొదలుపెట్టాడు. క్యాసెట్లూ మైకు సెట్లూ వచ్చి బ్యాండ్లకు పిలుపులు తగ్గాయి. అప్పాసామి పోయాడు, సెట్టు చెదిరింది. తండ్రికి వచ్చిన ఛాతీ రోగమే కొడుక్కీ వచ్చింది.

వేలూరు ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఒక సాయంత్రం ఆరోకియమేరి మంచం పక్కన కూర్చుని అడిగింది. "ఆ మొదట్లో వాయించినావే, ఆ బిడ్డను పూడ్చేటప్పుడు. అది ఇంకొక్కసారి పాడయ్యా. నేను మర్చిపోతా ఉండా."

అతను గొంతు సవరించుకుని మెల్లగా ఎత్తుకున్నాడు. మెలిక బాగానే వచ్చింది. 'ని' దాకా పోయి ఆగాడు. ఆగగానే దుప్పటి మీద అతని వేళ్ళు డోలు దెబ్బ కొట్టాయి. చెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని మళ్ళీ పాడాడు. ఈసారి వేళ్ళు కదల్లేదు. అయినా అతని ముఖం చూస్తే లోపల ఏం మోగుతున్నదో ఆరోకియమేరికి అర్థమైంది.

"అది పోయింది మేరీ. నా చేతులతో నేనే తుడిచేసినా" అన్నాడు.

"నేనే గదయ్యా చెప్పింది" అందామె. అతను కాదనలేదు.

ఆ వానాకాలంలోనే ఏసుదాస్ పోయాడు. అప్పటికి ఆరోకియమేరి, వేరే పని దొరక్క, గుణశేఖరం కంపెనీలోనే పెట్టెలకు కాగితం అంటించే పనిలో ఉంది. పూడ్చిపెట్టే రోజు మధ్యాహ్నం నుంచి మాత్రమే ఆమెకు సెలవిచ్చారు.